మాట వినడానికి చదువెందుకు?

మన నగరంలో మలక్‌పేట నుండి మెహదీపట్నం దాకా బస్సులో కిటికీ ప్రక్కన కూర్చుని వెళ్ళేవారికి దారి పొడవునా బోర్డులే కనిపిస్తాయి. కళ్ళ డాక్టరు, పళ్ళ డాక్టరు, ఎముకల డాక్టరు అంటూ శరీరంలోని ప్రతి అవయవానికీ ఒక బోర్డు ఉన్నది. ఈ పది పన్నెండేళ్ళలో వాటి నడుమ కొత్త బోర్డులు కొన్ని వెలిశాయి. 'కౌన్సెలర్' అని ఒకటి, 'మైండ్ కోచ్' అని ఒకటి, 'సైకాలజిస్ట్' అని మరొకటి. మనసుకు కూడా ఒక బోర్డు దొరికినందుకు సంతోషించవలసినదే. కాని కళ్ళ డాక్టరు పేరు క్రింద పట్టా, దాని క్రింద రిజిస్టరు సంఖ్య కనిపిస్తాయి. ఈ కొత్త బోర్డులలో కొన్నింటి మీద పేరూ ఫోను నంబరూ తప్ప మరేమీ ఉండదు. కన్ను చూపించుకోవడానికి వెళ్ళేవానికి తాను ఎవరి దగ్గరకు వెళ్తున్నాడో తెలుసు. మనసు చెప్పుకోవడానికి వెళ్ళేవానికి తెలియదు. ఈ నాలుగు మాటలు వ్రాయడానికి ఆ తెలియకపోవడమే కారణం.

తెలుగు పాఠం చెప్పుకునేవానికి మనస్తత్వ శాస్త్రంతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చును. నిరుడు బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని నా దగ్గరకు వచ్చి, తాను సైకాలజిస్టు కావాలనుకుంటున్నాననీ, ఇంట్లో ఒప్పుకోవడం లేదనీ, ఒకసారి తండ్రితో మాట్లాడమనీ కోరింది. ఆ తండ్రి దర్జీ. ఇద్దరు కొడుకులను, ఒక కుమార్తెను కుట్టుమిషను మీద చదివిస్తున్న గౌరవనీయుడు. కళాశాలకు వచ్చి, నేను చెప్పినదంతా శ్రద్ధగా విని, చివరకు ఒకే ప్రశ్న వేశారు. "సున్నే కో పఢ్నా కాయ్‌కు సాబ్?" అన్నారు. మాట వినడానికి చదువెందుకండీ అని దాని అర్థం. అందులో ఎగతాళి లేదు. రోజంతా దుకాణంలో కూర్చుని పదిమంది కష్టసుఖాలు వింటున్న మనిషి వేసిన న్యాయమైన ప్రశ్న అది. దానికి సరియైన జవాబు వెదుకుతూ నేను తెలుసుకున్న సంగతులనే ఇక్కడ విద్యార్థుల ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఎవరు ఎవరో తేల్చుకోవాలి. సైకియాట్రిస్టు అంటే మానసిక వైద్యుడు. ఆయన ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన ఆ శాఖలో ప్రత్యేక శిక్షణ పొందినవాడు. మందులు వ్రాసే అధికారం ఆయనది. సైకాలజిస్టు వైద్యశాస్త్రం కాక మనస్తత్వ శాస్త్రం చదివినవాడు, మందులు వ్రాయడు. వారిలో రోగుల మధ్య పనిచేయడానికి ప్రత్యేక శిక్షణ పొందినవారిని క్లినికల్ సైకాలజిస్టులు అంటారు. పరీక్షల ద్వారా మనసు స్థితిని అంచనా కట్టడం, మాటల ద్వారా చికిత్స చేయడం వీరి పని. ఇక కౌన్సెలర్ అన్న పేరు అన్నిటికంటె విశాలమైనది. మంచి శిక్షణ పొందినవారూ ఆ పేరుతోనే ఉన్నారు, రెండు దినాల శిబిరానికి వెళ్ళి వచ్చినవారూ ఆ పేరుతోనే ఉన్నారు.

శాస్త్రంగా దీని వయస్సు ఎక్కువ కాదు. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో విల్‌హెల్మ్ వుంట్ 1879లో ప్రయోగశాల తెరవడంతో మనస్తత్వ శాస్త్రం తత్త్వశాస్త్రపు చాటు నుండి బయటికి వచ్చిందని చెప్తారు. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆధ్వర్యంలో మొదటి విభాగం ఏర్పడింది. శాస్త్రం ఆనాడే వచ్చినా, ఆ శాస్త్రంతో రోగి ముందు కూర్చోవడానికి ఎవరు అర్హులు అన్న విషయం చట్టంలోకి రావడానికి మాత్రం మరి డెబ్బై ఆరు సంవత్సరాలు పట్టింది.

ఆ చట్టం పేరు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం, 1992. తెలుగులో భారత పునరావాస మండలి అనవచ్చును. వినికిడి లోపం, బుద్ధిమాంద్యం వంటి ఇబ్బందులు గలవారికి సేవ చేసే పలు వృత్తులను ఆ చట్టం పేర్కొన్నది. అందులో క్లినికల్ సైకాలజిస్టు ఒకరు. మండలి గుర్తించిన శిక్షణ పూర్తి చేసినవారి పేర్లను కేంద్ర పునరావాస రిజిస్టరులో చేర్చి, ఒక సంఖ్య ఇస్తారు. ఆ నమోదు లేకుండా ఈ వృత్తి చేసేవారికి ఒక సంవత్సరం దాకా జైలు గాని, 1,000 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని చట్టం చెప్తున్నది. ఒకసారి పేరు ఎక్కితే జన్మంతా నిలిచిపోయేది కూడా కాదు. ఐదేళ్ళకు ఒకసారి నమోదును పునరుద్ధరించుకోవాలి. ఆ మధ్య కాలంలో తరగతులకూ సదస్సులకూ హాజరై తన విద్యకు సాన పట్టుకున్నట్లు చూపాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో నిర్వచించింది. తక్కిన శాఖల సైకాలజిస్టుల విషయం 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలోకి వచ్చింది.

ఇక మార్గం. పదవ తరగతి తరువాత ఇంటర్మీడియెట్ రెండేళ్ళు, డిగ్రీ మూడేళ్ళు, మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఏ. గాని ఎం.ఎస్‌సి. గాని రెండేళ్ళు, ఆపైన ఆసుపత్రిలో పర్యవేక్షణ క్రింద క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. రెండేళ్ళు. వెరసి తొమ్మిదేళ్ళు. చాలా కాలం నడచిన రాజమార్గం ఇది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్, రాంచీలోని కేంద్ర మనోరోగ సంస్థ వంటి చోట్ల సీట్లు కొద్ది, పోటీ ఎక్కువ. ఐతే ఈ మార్గమిప్పుడు మలుపులో ఉన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఎం.ఫిల్. పట్టా వద్దన్నది. 2022లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం దానిని రద్దు చేసింది. ఐనా ఈ శాఖ అవసరాన్ని గుర్తించి, క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్.కు 2025-26 విద్యాసంవత్సరం దాకా గడువు ఇస్తున్నట్లు 2024 జనవరిలో ప్రకటించింది. దాని స్థానంలో క్లినికల్ సైకాలజీలోనే నేరుగా ఎం.ఏ., సై.డి. అనే వృత్తి డాక్టరేటు వంటి కోర్సులను మండలి రూపొందించింది. కనుక ఈ దారిన వెళ్ళదలచిన విద్యార్థులు ఒక సూత్రం మనసులో ఉంచుకోవాలి. ఫీజు కట్టే ముందు, ఆ కోర్సునూ ఆ సంస్థనూ మండలి ఆ సంవత్సరానికి గుర్తించిందా లేదా అని మండలి జాబితాలోనే చూసుకోవాలి. కళాశాల వారి కరపత్రం చూసి నమ్మరాదు. 'సైకాలజీ డిప్లొమా' అన్న రంగుల పత్రం చేతికి వచ్చినంత మాత్రాన రిజిస్టరులో చోటు దొరకదు.

తొమ్మిదేళ్ళు అనగానే మా విద్యార్థిని తండ్రి ముఖం మారింది. ఆ కాలంలో ఏమి నేర్పుతారో చూద్దాం. మొదటి ఏళ్ళు గ్రంథాలతో గడుస్తాయి. జ్ఞాపకం ఎట్లా పనిచేస్తుంది, భయం ఎట్లా పుడుతుంది, బిడ్డ ఏ వయస్సులో ఏమి గ్రహిస్తుంది, సంఖ్యాశాస్త్రంతో ఒక పరీక్ష నమ్మదగినదో కాదో ఎట్లా తేల్చాలి అన్నవి. చివరి రెండేళ్ళు వార్డులో. అక్కడ రోగి చరిత్రను సేకరించడం నేర్పుతారు. ఏమి అడగాలి అన్నదానికంటె ఏమి అడగరాదు అన్నది ముఖ్యం. తెలివితేటల పరీక్షలు పెట్టడం, సిరా మరకల వంటి బొమ్మలు చూపి రోగి చెప్పినదానిని వ్రాసుకోవడం నేర్పుతారు. స్విట్జర్లాండు వైద్యుడు హెర్మన్ రోర్‌షాక్ 1921లో ప్రకటించిన ఆ పది బొమ్మలు నేటికీ వాడుకలో ఉన్నవి. శిష్యుడు చేసిన ప్రతి అంచనాను గురువు చదివి, 'ఇది రోగి అన్నాడా, నీవు అనుకున్నావా?' అని నిలదీస్తాడు. రోగి మాటకూ తన ఊహకూ మధ్య గీత గీయడం అలవడే దాకా శిష్యుని ఒంటరిగా వదలరు.

దీని అర్థం నాకు పుస్తకాలలో కాక ఒక ఆసుపత్రి వరండాలో తెలిసింది. మాది నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె. మా ఖాలా, అనగా మా అమ్మ చెల్లెలు, అక్కడే ఉంటుంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, గడప దాటితే తెలుగు. కొన్నేళ్ళ క్రితం మా ఖాలూ గతించిన తరువాత ఆమెకు నిద్ర పోయింది, ఆకలి పోయింది. మొదట దర్గాకు తీసుకువెళ్ళారు. తరువాత ఊళ్ళోని డాక్టరు బలానికి సూదులు వేశాడు. నాలుగు నెలలు గడచినా గుణం కనిపించక పోవడంతో నేను ఆమెను నగరానికి తెచ్చి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాను. మానసిక వైద్యుడు మందులు వ్రాసి, సైకాలజిస్టు దగ్గరకు కూడా పంపించారు.

ఆ సైకాలజిస్టు ముప్పై ఏళ్ళు కూడా నిండని యువతి. ముందు ఒక అచ్చు కాగితం ఉన్నది. అందులోని మొదటి ప్రశ్న, 'గత రెండు వారాలలో మీకు నిస్పృహ కలిగినదా?' అని. తెలుగు ఎం.ఏ. చదివినవాడిని కనుక నాకు అర్థమయింది. మా ఖాలాకు కాలేదు. ఆమె నా వైపు చూసింది. నేను అనువాదం చేయబోయేంతలో ఆ యువతి చేయి అడ్డుపెట్టి, కాగితం ప్రక్కన పెట్టి, "అమ్మా, రాత్రిపూట నిద్ర పట్టకపోతే ఏం చేస్తుంటవ్?" అని అడిగింది. మా ఖాలా ఒక్క క్షణం ఆగి, "ఏం చేస్త బిడ్డా, మనాది" అన్నది. వెంటనే ఉర్దూలోకి మారి, "దిల్ ఘబ్రారా" అన్నది. ఆ యువతి కూడా అంతే సులువుగా ఉర్దూలోకి మారింది. తరువాత నా వైపు తిరిగి, "సార్, మీరు కొంచెం బయట కూర్చుంటారా?" అన్నది.

నేను బయట బల్ల మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. ఖాలాను చిన్ననాటి నుండి ఎరిగినవాడిని. ఆమెను అక్కడికి తెచ్చినవాడినీ నేనే. లోపల గంట క్రితం దాకా ముఖం ఎరుగని ఒక పరాయి అమ్మాయి. తలుపు తెరచిన తరువాత, "ఏమి చెప్పిందండీ?" అని అడిగాను. "ఆమె చెప్పాలనుకుంటే మీకు ఆమే చెప్తారు సార్. ప్రతి బుధవారం తీసుకురండి, మందులు మాన్పించకండి" అన్నది ఆ యువతి, ఎంతో మర్యాదగా. మా ఖాలా పన్నెండు వారాలు వెళ్ళింది. నాల్గవ వారం నుండి నిద్ర పట్టసాగింది. మందుల వల్ల ఎంత, మాటల వల్ల ఎంత అని నేను తూకం వేయలేను. ఖాలూ జ్ఞాపకం పోలేదు. పోవాలని ఎవరూ కోరలేదు. ఆ గదిలో ఆమె ఏమి చెప్పుకున్నదో నేటికీ నాకు తెలియదు.

ఆ తెలియకపోవడమే ఆ వృత్తికి పునాది. 2017 చట్టం దీనిని రోగి హక్కుగా ప్రకటించింది. ప్రాణాపాయం, ఇతరులకు హాని, న్యాయస్థానపు ఆజ్ఞ వంటి కొన్ని సందర్భాలలో తప్ప రోగి విషయాన్ని బయట పెట్టరాదు. మన ఇళ్ళలో వినేవారు లేక కాదు. వదిన వింటుంది, పొరుగింటి పెద్దమ్మ వింటుంది. విన్నది సాయంత్రానికి వీధి దాటుతుంది. లేదా విన్నవారు వెంటనే, 'నీకంటె కష్టాలు పడ్డవాళ్ళు లేరా?' అని సలహా మొదలుపెడతారు. సలహా ఇవ్వకుండా, ఆశ్చర్యపోకుండా, జాలిపడి చులకన చేయకుండా, విన్నదానిని మోసుకుని తిరగకుండా ముప్పావు గంట వినడం మానవ స్వభావానికి సహజమైన పని కాదు. దర్జీ గారి ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఇది. మాట వినడానికి చదువు అక్కరలేదు. విన్న తరువాత తన మాటను అదుపులో పెట్టుకోవడానికి కావాలి.

రెండవ జవాబు నా శాఖకు చెందినది, భాషకు సంబంధించినది. బెంగ, దిగులు, మనాది అన్న మూడు మాటలను చూడండి. తల్లిని విడిచిన బిడ్డకు బెంగ. దగ్గర లేనివారి కోసం కలిగేది అది. రేపు ఏమవుతుందో అన్నది దిగులు. అందులో భయం కలిసి ఉన్నది. లోలోపల చాలా కాలంగా తొలిచే దుఃఖం మనాది. ఉర్దూలో ఉదాసీ వేరు, మాయూసీ వేరు, ఘబ్రాహట్ వేరు. ఆంగ్లంలోని డిప్రెషన్ అన్న ఒక్క మాటకు మనం 'కుంగుబాటు' అని వ్రాసుకుంటున్నాము. అది మంచి మాటే. కాని పల్లె నుండి వచ్చిన ముసలమ్మ కుంగుబాటు అనదు. 'ఛాతీలో బరువు' అంటుంది, 'తల దిమ్ము' అంటుంది, 'చేతుల్లో సత్తువ లేదు' అంటుంది. ఆ మాటలను శరీర బాధగా మాత్రమే విన్నవాడు సూది వేసి పంపిస్తాడు. వాటి వెనుక ఉన్నదానిని విన్నవాడు మరొక ప్రశ్న వేస్తాడు.

పరీక్షల విషయమూ అంతే. 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్‌లు పిల్లల తెలివిని కొలిచే పరీక్షను తయారుచేశారు. దానిని మన దేశంలో వాడాలంటే ప్రశ్నలను భాష మార్చి వ్రాస్తే చాలదు. స్వాతంత్ర్యానికి పూర్వమే వి.వి. కామత్ దానిని కన్నడ, మరాఠీ పిల్లల కోసం సవరించారు. ఇంకొక పరీక్షను ఏ.జె. మాలిన్ 1969లో భారతీయ బాలల కోసం మలచారు. సరియైన పద్ధతి ఏమనగా, ఒకరు తెలుగు చేయాలి. మూలం చూడని మరొకరు ఆ తెలుగును తిరిగి మూలభాషలోకి మార్చాలి. రెండూ సరిపోల్చి తేడాలు దిద్దాలి. ఆపైన ఆ భాష మాట్లాడే వందలాది మందికి పెట్టి, సగటు ఎంతో తేల్చాలి. ఇది చేయని పరీక్ష మూరతో బట్ట కొలవడం వంటిది. ఎవరి మూర వారిది. పట్నపు పిల్లవాని మూరతో పల్లె పిల్లవానిని కొలిచి, పొట్టివాడని తేల్చితే దోషం కొలతది. ఆ దోషం వల్ల ఒక బిడ్డ పేరు ప్రక్కన 'మందబుద్ధి' అన్న మాట పడితే అది జీవితాంతం అంటుకుని ఉంటుంది. కనుకనే ఆ నివేదిక మీద సంతకం పెట్టే చేతికి ఒక రిజిస్టరు సంఖ్య, ఆ సంఖ్య వెనుక జవాబుదారీ ఉండాలన్నారు.

ఇక్కడ మన సమాజం గురించి ఒక మాట చెప్పక తప్పదు. మనసు చెడితే దర్గాకు వెళ్ళడం మనకు అలవాటు. గుడికి వెళ్ళడం సోదర హిందువులకు అలవాటు. ప్రార్థన వల్ల మనిషికి కలిగే ఊరటను నేను తక్కువ చేయను. కాని 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఏమి జరిగిందో మరువరాదు. దర్గా ఉన్న ఆ ఊరిలో మనోవ్యాధిగ్రస్తుల కోసమని నడుపుతున్న ఒక ప్రైవేటు గృహంలో నిప్పు అంటుకున్నది. గొలుసులతో కట్టి ఉంచినందువల్ల పారిపోలేక 28 మంది మరణించారు. వారిని అక్కడ వదిలినవారు వారి సొంత మనుషులే. వదలడానికి కారణం ద్వేషం కాదు, మరొక దారి తెలియకపోవడం. మనోవ్యాధిగ్రస్తులను ఏ విధంగానైనా గొలుసులతో బంధించడాన్ని 2017 చట్టం నిషేధించింది. దారి చూపినవారూ ఉన్నారు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా ప్రాంగణంలోనే, ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో, 'దవా-దువా' పేరుతో వైద్యులూ ముజావర్లూ కలిసి పనిచేయడం ఆరంభించారు. దువా చేసేవారే దవా ఇచ్చేవారి దగ్గరకు మనిషిని పంపిస్తారు. ఒకదానికి మరొకటి శత్రువు కానక్కరలేదని ఆ రెండు మాటల జత చెప్తున్నది.

అవసరం ఎంతటిదో చెప్పే లెక్కలు ఉన్నవి. నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, పెద్దవారిలో నూటికి 10.6 మంది అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. మన వారి మనసును ఆనాడు ఎవరూ లెక్కించలేదన్నమాట. ఐతే కొన్ని లెక్కలు సర్వే లేకుండానే మన ముందుకు వస్తాయి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన తరువాత కొద్ది దినాలలోనే తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో పరీక్షకు చదువుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలై 25న తీర్పు చెప్తూ, నూరుగురు లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను గాని, సైకాలజిస్టును గాని, సామాజిక కార్యకర్తను గాని నియమించుకోవాలని సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. నూరు మంది లేని కళాశాల మన రాష్ట్రాలలో ఎక్కడ ఉన్నది? అన్ని కుర్చీలు వేయడం తేలిక. వాటిలో కూర్చోగల అర్హులు, అందులోనూ తెలుగు, ఉర్దూ రెండూ వినగలవారు, ఎక్కడి నుండి రావాలి?

ఈ వృత్తి పూలపాన్పు అని చెప్పి ఎవరినీ మభ్యపెట్టదలచలేదు. శిక్షణ కాలంలో చేతికి వచ్చేది స్వల్పం. 1982లో ఆరంభమైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుండి జిల్లాలకు విస్తరించి, జిల్లా జట్టులో క్లినికల్ సైకాలజిస్టుకు కూడా చోటు కల్పించింది. ఐనా ప్రభుత్వ ఉద్యోగాల సంఖ్య మొత్తం మీద తక్కువే. ఆసుపత్రులు, ప్రత్యేక పాఠశాలలు, మత్తు విడిపించే కేంద్రాలు, పునరావాస సంస్థలు, సొంత క్లినిక్కులు, ఇవీ పనిచేసే చోట్లు. దినానికి ఐదారుగురిని చూడడమే ఎక్కువ; ఒక్కొక్కరికి ముప్పావు గంట, ఆపైన నివేదిక వ్రాత. సాయంత్రానికి ఒళ్ళు అలియకపోయినా మనసు బరువెక్కుతుంది. ఆ బరువును ఇంటికి తీసుకువెళ్ళకుండా ఉండడానికి, అనుభవజ్ఞులైన మరొకరి దగ్గర, పేర్లు బయటపెట్టకుండా, తన పని గురించి చెప్పుకోవడం ఈ వృత్తిలోని మంచి సంప్రదాయం. వినేవానికీ వినేవాడు కావాలి. ఫలితం కూడా ఎప్పుడూ కంటికి కనిపించదు. వైద్యుడు కట్టు విప్పి మానిన గాయాన్ని చూపగలడు. సైకాలజిస్టు చూపగలిగేది, ఒక మనిషి మానేసిన పనిని మళ్ళీ మొదలుపెట్టడం మాత్రమే.

దర్జీ గారితో నేను రెండవసారి మాట్లాడినప్పుడు చట్టాలూ లెక్కలూ చెప్పలేదు. "మీరు బట్ట కత్తిరించే ముందు ఎన్నిసార్లు కొలుస్తారు?" అని అడిగాను. "రెండుసార్లు. ఖరీదైన బట్ట ఐతే మూడుసార్లు" అన్నారు. మనిషి కంటె ఖరీదైన బట్ట ఏమున్నదని నేను అనలేదు. ఆయనే కొంతసేపు మౌనంగా కూర్చున్నారు. ఒప్పుకున్నానని నేటికీ నోటితో అనలేదు. కాని కుమార్తె ప్రవేశపరీక్ష దరఖాస్తుకు రుసుము కట్టారు. ఆమెకు సీటు వస్తుందో రాదో, వచ్చినా తొమ్మిదేళ్ళ దారిలో మిగిలిన నాలుగేళ్ళు ఇల్లు తట్టుకుంటుందో లేదో చెప్పలేను. చెల్లెలి చదువు కోసం అన్నలలో ఒకడు తన చదువును వాయిదా వేసుకోవలసి రావచ్చును. మనవంటి ఇళ్ళలో ఒకరు ముందుకు నడిస్తే ఇంకొకరు ఆగవలసి వస్తుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో చాలామంది ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, తరగతిలో మూడవ భాష మాట్లాడుతూ పెరిగారు. దానిని ఒక లోటుగా భావించి సిగ్గుపడేవారిని నేను ప్రతి సంవత్సరం చూస్తున్నాను. కాగితం ప్రక్కన పెట్టి, తెలుగు నుండి ఉర్దూలోకి తడుముకోకుండా మారిన ఆ యువతికి అదే విద్య అయింది. తక్కినది గురువులు నేర్పగలరు. ఇది మాత్రం మీ తల్లులు మీకు ముందే నేర్పి ఉంచారు. ఈ వృత్తిలోకి అందరూ వెళ్ళనక్కరలేదు. వెళ్ళనివారు మాత్రం రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఎవరి ముందైనా మనసు విప్పే ముందు, మీరేమి చదివారు, మీ నమోదు సంఖ్య ఎంత అని అడగడం అమర్యాద కాదు, మీ హక్కు. ఇక రాత్రివేళ ఎవరూ దొరకని గడియలో మీకు గాని, మీ ప్రక్కగదిలోని మిత్రునికి గాని మనసు చేయి దాటిపోతున్నట్లు తోస్తే 14416 అన్న సంఖ్యకు ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన టెలిమానస్ అది. డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చును. ఏ మాటతో మొదలుపెట్టాలో తోచకపోతే, మా ఖాలా అన్న మాటతోనే మొదలుపెట్టండి. మనాది అంటే చాలు.